ఎలక్ట్రిక్ షేవరు కొనేముందు దాని జాలీ దొరుకుతుందో లేదో చూడండి

మా నాన్నగారికి నాలుగేళ్ల క్రితం గుండెలో కృత్రిమ కవాటం అమర్చారు. అప్పటి నుంచి రక్తం గడ్డకట్టకుండా ఆయన రోజూ మాత్ర వేసుకుంటున్నారు. ఆ మాత్ర వాడేవారికి చిన్న గాటు పడినా రక్తం తొందరగా ఆగదు. యాభై ఏళ్లుగా అద్దం ముందు నిలబడి, బ్రష్షుతో సబ్బు నురగ తీసి, రెండంచుల బ్లేడుతో గడ్డం గీసుకునే అలవాటున్న మనిషి ఆయన. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన నెలలోనే దవడ కింద గాటు పడింది; పటిక రాసి, దూది అదిమి పట్టుకున్నా అరగంట దాకా రక్తం కారుతూనే ఉంది. తర్వాత పరీక్షకు వెళ్లినప్పుడు వైద్యులు ఈ సంగతి విని, బ్లేడు పూర్తిగా మానేసి ఎలక్ట్రిక్ షేవరుకు మారమన్నారు. రక్తం పలచబడే మందులు వాడేవారికి వైద్యులు సాధారణంగా ఇచ్చే సలహాయే ఇది. ఈ మూడున్నరేళ్లలో నాన్నగారికి రెండు, నాకు ఒకటి, మొత్తం మూడు యంత్రాలు కొన్నాను. వాటిలో ఒకటి ఏడాది తిరక్కుండానే మూలపడింది. మిగతా రెండూ ఈ రోజుకీ చక్కగా పనిచేస్తున్నాయి. ఆ మూడింటి అనుభవమే ఈ సమీక్ష.

మొదటిది తొందరపడి కొన్నాను. ఆన్‌లైన్‌లో పన్నెండు వందల రూపాయలకు, బొమ్మ బాగుందనీ, నక్షత్రాలు ఎక్కువున్నాయనీ తెప్పించాను. ఏడు నెలలు ఏ ఇబ్బందీ లేకుండా పనిచేసింది. ఎనిమిదో నెలలో దాని ముందుభాగంలోని సన్నటి రంధ్రాల రేకు, అంటే జాలీ, ఒక అంచున చిరిగింది. ఆ చిరుగు ఆవగింజంత కూడా లేదు కనుక నాన్నగారి కంటికి ఆనలేదు. ఆ ఉదయం ఆయన చెంప మీద మూడు గీతలు పడ్డాయి. బ్లేడు గాటుకు భయపడి తెచ్చిన యంత్రమే బ్లేడు కన్నా ఎక్కువ రక్తం కార్పించింది. కొత్త రేకు కోసం అమ్మినవారిని అడిగితే విడిగా అమ్మమన్నారు. పెట్టె మీద ఉన్న ఫోను నంబరును ఎవరూ ఎత్తలేదు. హైదరాబాదులో కోఠి దుకాణాలకు యంత్రాన్ని పట్టుకుని తిరిగాను. అక్కడ ఒక పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి సామాను రాదండీ, మోటారు మాత్రం ఇంకో ఐదేళ్లు తిరుగుతుంది" అన్నారు. ఆ మాట నిజం. మోటారు తిరుగుతూనే ఉంది. యంత్రం మాత్రం పనికి రాలేదు.

ఆ రోజు నాకు అర్థమైన విషయాన్నే మొదట చెప్పదలచుకున్నాను. ఎలక్ట్రిక్ షేవరు అంటే నిజానికి రెండు వస్తువులు: ఏళ్ల తరబడి మన్నే పిడి ఒకటి, ఏడాదికో రెండేళ్లకో అరిగిపోయే కోతభాగం మరొకటి. దుకాణంలో మనం చూసేదంతా పిడినే. దాని రంగు, తెర మీద వెలిగే అంకెలు, చేతికి అమరే తీరు మనల్ని ఆకట్టుకుంటాయి. చర్మానికి తగిలేది మాత్రం కోతభాగం. అందుకే ఏ షేవరు నచ్చినా, దాని ధర అడగక ముందే దాని కోతభాగం విడిగా ఏ నంబరుతో దొరుకుతుంది, ఎంతకు దొరుకుతుంది, ఇప్పుడు స్టాకు ఉందా అని చూడాలి. ఫిలిప్స్ షేవర్లలో హెడ్లు అనే ఈ కోతభాగాలకు ఎస్‌హెచ్30, ఎస్‌హెచ్71, ఎస్‌హెచ్91 వంటి నంబర్లు ఉంటాయి. బ్రాన్ వారివి 32బి, 70ఎస్, 73ఎస్ వంటి గుర్తులతో, జాలీ, బ్లేడ్లు కలిసిన కాసెట్లుగా వస్తాయి. ఇందులో చిన్న చిక్కు ఉంది. 32బి, 32ఎస్ అన్న రెండింటికీ తేడా నలుపు, వెండి రంగులు మాత్రమే. ఏది తెచ్చినా బిగుస్తుంది. 70ఎస్, 73ఎస్ మాత్రం ఒకే సిరీస్ 7 పేరున్న పాత, కొత్త యంత్రాలవి, ఒకదాని స్థానంలో మరొకటి పట్టదు. సిరీస్ పేరు చూసి ఆర్డరు పెట్టినవారు మోసపోయేది ఇక్కడే. యంత్రం ఒంటి మీద సన్నని అక్షరాల్లో ఉండే మోడల్ నంబరును ఫోటో తీసి దగ్గర ఉంచుకోవడం మంచిది, ఎందుకంటే నీళ్ల తడికి అది రెండేళ్లలో చెరిగిపోవచ్చు.

ఇక రకాల సంగతి. అమెరికాలో జేకబ్ షిక్ అనే మాజీ సైనికాధికారి తయారుచేసిన ఎలక్ట్రిక్ రేజరు 1931లో అమ్మకానికి వచ్చింది. ఆ తర్వాత ఐరోపాలో రెండు దారులు ఏర్పడ్డాయి. 1939లో నెదర్లాండ్స్‌కు చెందిన ఫిలిప్స్ సంస్థ గుండ్రంగా తిరిగే బ్లేడ్ల షేవరును తెచ్చింది. 1950లో జర్మనీకి చెందిన బ్రాన్ సంస్థ పలచని రంధ్రాల రేకు కింద అటూ ఇటూ కదిలే బ్లేడ్లున్న ఎస్50ను తెచ్చింది. ఈ రోజుకీ దుకాణాల్లో ఉన్నవన్నీ ఈ రెండు వంశాలవే. మొదటిదాన్ని రోటరీ అంటారు. రెండోదాన్ని ఫాయిల్ షేవరు అంటారు. ఆ ఫాయిల్ చూడటానికి జాలీలా ఉంటుంది కనుక నేను జాలీ అనే అంటాను. రెండూ కత్తెర సూత్రం మీదే పనిచేస్తాయి. వెంట్రుక రంధ్రంలోకో చీలికలోకో దూరుతుంది, లోపలి బ్లేడు దాన్ని ఆ రంధ్రపు అంచుకు ఆనించి తెంపుతుంది. బ్లేడు నేరుగా చర్మానికి తగలదు. నాన్నగారి వంటివారికి అది సురక్షితం కావడానికీ, నున్నదనంలో మామూలు బ్లేడు కన్నా ఒక వెంట్రుకవాసి వెనకబడడానికీ కారణం ఆ మధ్యనున్న లోహపు పొరే.

దుకాణానికి వెళ్లి షేవరు అడిగితే ట్రిమ్మరు చేతిలో పెట్టేవారు చాలామంది ఉన్నారు. ట్రిమ్మరు గడ్డాన్ని పొట్టిగా కత్తిరిస్తుంది, నున్నగా చేయదు. ఆ రెండింటి తేడా తెలుసుకోకుండా కొనవద్దు.

నాన్నగారికి రెండోసారి కొన్నది రోటరీ. దీనికి కారణాలున్నాయి. ఆయన రోజూ గీసుకోరు. రెండు మూడు రోజులకొకసారి కూర్చుంటారు. పైగా ఆయన గొంతు కింద వెంట్రుకలు సుడి తిరిగి, కొన్ని పైకి, కొన్ని పక్కకు, చర్మానికి అతుక్కుని పెరుగుతాయి. అలా పడుకున్న వెంట్రుకలు, కాస్త పొడవైన వెంట్రుకలు జాలీ రంధ్రాల్లోకి సరిగ్గా దూరవు. రోటరీ చీలికల్లోకి దూరుతాయి. మూడు గుండ్రటి హెడ్లు దవడ వంపుకు తగ్గట్టు విడివిడిగా వంగుతాయి కనుక, కొద్దిగా వణికే చేతికి కోణం గురించి పెద్దగా ఆలోచించే పని ఉండదు. చప్పుడు కూడా తక్కువ. నేను రోజూ ఉదయం ఆఫీసుకు వెళ్లేముందు గీసుకుంటాను, నా గడ్డం గరుకు, వెంట్రుకలు నిటారుగా ఉంటాయి, కాబట్టి జాలీ రకం తీసుకున్నాను. పైపెదవికీ ముక్కుకూ మధ్య, చెవి పక్క కణత దగ్గర గీత తిన్నగా రావాలంటే జాలీ షేవరే మేలు. రోటరీతో మీసం అంచు దిద్దబోయి రెండుసార్లు మీసాన్నే పోగొట్టుకున్న బంధువు మాకు ఉన్నారు. నా తీర్పు సూటిగా చెప్పాలంటే, రోజూ గీసుకునేవారికి జాలీ, రెండు మూడు రోజులు ఆగేవారికి రోటరీ. జాలీల సంఖ్య మూడా, నాలుగా, ఐదా అన్నదాని మీద ధర చాలా మారుతుంది కానీ, నా అనుభవంలో సమయం కాస్త తగ్గడం తప్ప పెద్ద తేడా కనిపించలేదు.

అయ్యప్ప దీక్ష తీసుకునేవారికి ఒక మాట. నలభై ఒక్క రోజుల గడ్డం మీద ఏ షేవరూ పనిచేయదు. మాల తీసిన రోజున నేరుగా షేవరు పెడితే వెంట్రుకలు బ్లేడ్ల మధ్య ఇరుక్కుని లాగుతాయి, నొప్పి పుడుతుంది, జాలీ దెబ్బతింటుంది. ముందు ట్రిమ్మరుతో బాగా కురచ చేసి, ఆ తర్వాతే షేవరు పెట్టాలి.

కొన్న మొదటి పది రోజులు నాన్నగారు రోజూ ఫోను చేసి మంట పుడుతోందని చెప్పేవారు. గొంతు మీద చిన్న చిన్న ఎర్రటి పొక్కులు కూడా వచ్చాయి. తయారీదారులే రెండు మూడు వారాలు పడుతుందని చెబుతారు. చర్మమూ వెంట్రుకలూ కొత్త పద్ధతికి అలవాటు పడేందుకు ఆ వ్యవధి కావాలి. మధ్యలో ఒక రోజు బ్లేడు, ఒక రోజు షేవరు వాడితే ఆ అలవాటు కుదరదు. "ఇంకో వారం ఓపిక పట్టండి నాన్నగారూ" అని బతిమాలుతూ వచ్చాను. మూడో వారం చివరికి ఆ మంట పోయింది. అసలు తప్పు ఒకటి నేను ఆయన ఉండే తెనాలి వెళ్లి చూసినప్పుడు బయటపడింది: బ్లేడు అలవాటుతో ఆయన యంత్రాన్ని గట్టిగా నొక్కుతున్నారు. నొక్కితే చర్మం రంధ్రాల్లోకి ఉబ్బి ఒరుసుకుంటుంది, వెంట్రుక మాత్రం మరింత దగ్గరగా తెగదు. యంత్రాన్ని చర్మానికి నిటారుగా ఆనించి, ఎడమచేత్తో చర్మాన్ని సాగదీసి, జాలీ అయితే వెంట్రుక పెరిగే దిక్కుకు ఎదురుగా తిన్నగా, రోటరీ అయితే చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు మెల్లగా నడపాలి.

స్నానానికి ముందా, తర్వాతా అన్నది మరో ప్రశ్న. పొడిగా గీసుకునేవారు ముఖం కడగక ముందే గీసుకోవాలి, ఎందుకంటే నీళ్లు తగిలిన చర్మం కాసేపు ఉబ్బి వెంట్రుకను కొంత దాచేస్తుంది. మన వేసవిలో దీనికి చెమట తోడవుతుంది. తెనాలిలో మే నెల ఉదయం ఏడు గంటలకే ముఖం జిడ్డుగా ఉంటుంది, షేవరు జారకుండా చర్మాన్ని పట్టి లాగుతుంది. పంకా కింద ముఖం తుడుచుకుని, అరచేతిలో చిటికెడు పౌడరు వేసుకుని పలచగా రాసుకుంటే యంత్రం నున్నగా జారుతుంది. తడిగా కూడా వాడదగ్గ యంత్రమైతే షేవింగ్ నురగతో కలిపి వాడవచ్చు. నేను వారంలో రెండు రోజులు అలాగే వాడతాను, మంట ఇంకా తగ్గుతుంది. అయితే యంత్రం మీద తడి వాడకానికి పనికొస్తుందని గుర్తు ఉంటేనే ఆ పని చేయాలి.

నున్నదనం గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. నా షేవరు ఎంత మంచిదైనా, కొత్త బ్లేడుతో రెండుసార్లు గీసుకున్నంత నున్నగా రాదు. గడ్డం రోజుకు సుమారు 0.4 మిల్లీమీటర్లు పెరుగుతుంది కనుక, ఆ చిన్న తేడా సాయంత్రానికి చేతికి తెలుస్తుంది. ఉదయం గీసుకుంటే రాత్రి పెళ్లి విందుకు మళ్లీ ఒకసారి తిప్పుకోవాలి. దీనికి బదులుగా దక్కేది కూడా తక్కువేమీ కాదు. బ్లేడుతో చర్మం మట్టానికి దిగువగా తెగిన వెంట్రుక, ముఖ్యంగా ఉంగరాలు తిరిగినది, చర్మంలోకే వంగి పెరిగి పొక్కులుగా మారుతుంది. నా మెడ మీద పదేళ్లుగా ఉన్న ఆ బాధ షేవరుకు మారాక ఐదారు నెలల్లో పోయింది.

ఇక సంరక్షణ. అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది దీని మీదే, నేను ఎక్కువ నష్టపోయిందీ దీనిలోనే. నాన్నగారి యంత్రం తెనాలిలో కృష్ణా కాలువ నీళ్లతో శుభ్రపడుతుంది. నాది హైదరాబాదులో బోరు నీళ్లతో. మొదట్లో ఇద్దరమూ ఒకే విధంగా, గీసుకున్నాక కుళాయి కింద కడిగి, విదిలించి, మూత పెట్టేవాళ్లం. ఏడాది తిరిగేసరికి నా జాలీ మీద తెల్లటి పొర కనిపించింది. భూతద్దం పెట్టి చూస్తే రంధ్రాల అంచుల చుట్టూ సున్నం పేరుకుని, కొన్ని రంధ్రాలు సగం పూడిపోయి ఉన్నాయి. మా ఇంట్లో గీజరు కాయిల్‌కూ బకెట్ల అంచులకూ పట్టే పొర కూడా అదే. దాన్ని సబ్బుతో ఎంత కడిగినా లొంగలేదు. షేవరు గరగరమని చప్పుడు చేస్తూ, రెండు నిమిషాల్లోనే వేడెక్కుతూ, వెంట్రుకలను లాగడం మొదలుపెట్టింది. పద్నాలుగో నెలలో జాలీ, బ్లేడ్లు కలిసిన కాసెట్‌ను మార్చక తప్పలేదు. నాన్నగారి హెడ్లకు అప్పటికి ఆ పొర ఆనవాలు కూడా లేదు. యంత్రాల రకాలు వేరు అన్నమాట నిజమే కానీ, ఆ తెల్లటి పొర నీళ్లదే.

అప్పటి నుంచి నా పద్ధతి మారింది. గీసుకున్న వెంటనే హెడ్ విప్పి, లోపలి వెంట్రుకల పొడిని సింకు మీద మెల్లగా తట్టి దులుపుతాను. వారానికి రెండుసార్లు మాత్రమే ఒక చుక్క ద్రవపు సబ్బు వేసి, యంత్రాన్ని నడుపుతూ గోరువెచ్చటి నీటితో కడుగుతాను, ఆఖరున మాత్రం తాగేందుకు శుద్ధిచేసిన నీళ్లు ఒక గ్లాసుడు పోస్తాను. ఆ తర్వాత హెడ్ విప్పి ఉంచి, నీడలో పూర్తిగా ఆరనిస్తాను. తడి మీద మూత పెడితే వాసన వస్తుంది. వానాకాలంలో రెండు రోజులకే వస్తుంది. పెట్టెలో ఇచ్చిన చిన్న బ్రష్షుతో జాలీని రుద్దకూడదు. జాలీ గడ్డం వెంట్రుక కన్నా పలచన. బ్రష్షు పోచ తగిలినా నొక్కుకుపోవచ్చు. ఆ బ్రష్షు లోపలి బ్లేడ్లకూ, పొడి చేరే గదికీ మాత్రమే.

చాలామంది మరిచిపోయేది నూనె. లోపలి బ్లేడు జాలీని నిమిషానికి వేల సార్లు ఒరుసుకుంటుంది. సబ్బు నీళ్లు వెంట్రుకలతో పాటు అక్కడున్న కాస్త జిడ్డునూ కడిగేస్తాయి, దాంతో లోహం లోహాన్ని పొడిగా రాసుకుని వేడెక్కుతుంది, త్వరగా అరుగుతుంది. నీళ్లతో కడిగే అలవాటుంటే వారానికొకసారి జాలీ మీదా, పక్కనున్న ట్రిమ్మరు పళ్ల మీదా ఒక్కో చుక్క పలచటి యంత్రపు నూనె వేసి, పది క్షణాలు నడిపి, అదనపు నూనెను మెత్తటి గుడ్డతో అద్దాలి. నేను వాడేది కుట్టుమిషను నూనె. చిన్న సీసా మూడేళ్లయినా సగం కూడా కాలేదు. కొబ్బరినూనె వాడవద్దు, చలికాలం ఉదయం పేరుకుంటుంది.

రోటరీ విషయంలో జాగ్రత్త వేరు. దానిలో ప్రతి గుండ్రటి బ్లేడూ తన పైనున్న కప్పుతోనే రాసుకుంటూ పదునెక్కుతుంది, అంటే అవి జతలు. మూడింటినీ ఒకేసారి విప్పి కడిగి, ఎవరిది ఎవరికో బిగిస్తే, ఆ కొత్త జతలు మళ్లీ కుదిరేందుకు వారాలు పట్టవచ్చు. నాన్నగారికి ఒక్కొక్కటే విప్పి, కడిగి, బిగించి, తర్వాతదానికి వెళ్లమని చెప్పాను. ఆయన దాన్ని నాకన్నా నిష్ఠగా పాటిస్తున్నారు.

తనంతట తానే శుభ్రం చేసే స్టేషన్లున్న ఖరీదైన మోడళ్ల గురించి స్నేహితులు అడుగుతుంటారు. బ్రాన్ వారి స్టేషన్ ఆల్కహాలు కలిసిన ద్రవంతో కడుగుతుంది, కాబట్టి నా బోరు నీళ్ల బెడద దానికి లేదు. ఒక కార్ట్రిడ్జి సుమారు 30 సార్లకు వస్తుంది; తెరిచాక ఆ ద్రవం మెల్లగా ఆవిరవుతుంది కనుక, వాడినా వాడకపోయినా సుమారు ఎనిమిది వారాలకు మార్చాలి. రోజూ గీసుకుంటూ, ఉప్పు నీళ్లున్న ఇంట్లో ఉండేవారికి ఆ ఖర్చు దండగ కాదు. నాన్నగారిలా వారానికి రెండుసార్లు వాడేవారికి మాత్రం దండగే.

కోతభాగాన్ని ఎప్పుడు మార్చాలి? ఫిలిప్స్ తన హెడ్లను రెండేళ్లకు, బ్రాన్ తన కాసెట్‌ను 18 నెలలకు, పానసోనిక్ బయటి జాలీని ఏడాదికి, లోపలి బ్లేడ్లను రెండేళ్లకు మార్చమంటాయి. ఇవి అమ్మకం కోసం చెప్పే మాటలని నేనూ అనుకునేవాణ్ణి. నాన్నగారి హెడ్లను రెండేళ్లకు మార్చినప్పుడు, అప్పటిదాకా పదిహేను నిమిషాలు పడుతున్న పని ఏడు నిమిషాల్లో అయింది. అరుగుదల రోజుకింత చొప్పున వస్తుంది కనుక మనకు తెలియదు. అయితే గడువు కన్నా ముఖ్యమైనది చిరుగు. ప్రతి ఆదివారం జాలీని విప్పి, కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. ఎక్కడైనా రెండు రంధ్రాలు ఒకటైనట్టు కనిపిస్తే ఆ రోజే వాడకం ఆపేయండి. చూపు ఆనని పెద్దవారి యంత్రాన్ని ఇంట్లో ఇంకొకరు చూడాలి. కొత్తది కొనేటప్పుడు సగం ధరకు దొరికే నకిలీలకు దూరంగా ఉండాలి. ఒకసారి అలాంటిది నా చేతికీ వచ్చింది: పెట్టె మీద అచ్చు మసకగా ఉంది, బిగిస్తే వదులుగా ఊగింది, నిమిషంలో వేడెక్కింది. వెనక్కి పంపేశాను.

బ్యాటరీ గురించి పాత సలహాలు ఇంకా తిరుగుతున్నాయి. పూర్తిగా దిగిపోయాకే ఛార్జింగ్ పెట్టాలన్నది పాతకాలపు నికెల్ బ్యాటరీల నాటి మాట. ఇప్పటి లిథియం అయాన్ బ్యాటరీలకు ఆ అవసరం లేదు, సున్నాకు దించడం వాటికి మంచిదీ కాదు. నాది గంట ఛార్జింగ్‌కు మూడు వారాలు వస్తుంది. అమెరికా నుంచి బంధువులు తెచ్చిచ్చిన షేవరైతే అడాప్టరు మీద 100 నుంచి 240 వోల్టులని రాసి ఉందో లేదో మొదట చూడాలి. 120 వోల్టులకు మాత్రమే చేసినదాన్ని మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే కాలిపోతుంది. పైగా అక్కడ కొన్నదానికి ఇక్కడ వారంటీ వర్తించకపోవచ్చు, కాసెట్ నంబరు ఇక్కడ దొరకకపోవచ్చు. ఇంట్లో ఎంత దగ్గరివారైనా ఒకరి షేవరును మరొకరు వాడకూడదు. కంటికి కనిపించని రక్తపు చుక్క నుంచి కూడా హెపటైటిస్ బి సోకవచ్చు.

ఖర్చు విషయానికొస్తే, రెండంచుల బ్లేడు కన్నా చవకైనది ఏదీ లేదు, షేవరు దానితో పోటీపడదు. నాన్నగారి రోటరీకి నాలుగు వేల లోపే అయింది, హెడ్లు మార్చినప్పుడు అందులో సుమారు సగం మళ్లీ పెట్టాను. బ్లేడుతో ఏ ఇబ్బందీ లేనివారిని షేవరు కొనమని నేను చెప్పను. రక్తం పలచబడే మందులు వాడుతున్నవారు, చేయి వణికేవారు, మెడ మీద పొక్కులతో బాధపడేవారు, మంచాన ఉన్న పెద్దవారికి గడ్డం తీసే ఇంటివారు మాత్రం ఇంకో నెల ఆగకుండా కొనుక్కోవాలని మనస్ఫూర్తిగా చెబుతాను.

నాన్నగారి షేవరు పెట్టె మూత లోపల ఆయన స్వహస్తాలతో హెడ్లు మార్చిన తేదీ, దాని కింద తర్వాత మార్చవలసిన తేదీ రాసి ఉన్నాయి. నా కాసెట్‌కు ఈ నెలాఖరుతో పద్దెనిమిది నెలలు నిండుతాయి. కొత్తది కొని, నంబరు సరిచూసుకుని, బీరువాలో సిద్ధంగా ఉంచాను.